ఒలీటా మూసిన లైటు

ఆల్పీనా, మిషిగన్
మే నెల

ప్రియమైన ఒలీటా అత్తా,

సరస్సు మీద మంచు పోయింది, పడవ బయటికి తీశాం. నీళ్ళు మాత్రం ఇంకా పళ్ళు జివ్వుమనేలాగే ఉన్నాయి. కెప్టెన్ ఐనార్ ఈ ఏడు కూడా డైవర్లకి గైడుగా నన్నే పెట్టుకున్నాడు. "ఫ్లోరిడా పిల్లవి, ఈ చలికి చస్తావే అంటే వినవు గదా" అని రోజూ ఒకసారి అంటేగాని ఆయనకు కాఫీ గొంతు దిగదు.

ఒక సంగతి చెప్పాలి. చలికాలమంతా నీ బల్ల మీద పెట్టుకుని, విప్పి తుడిచి మళ్ళీ మూసి పంపావే, ఆ పెద్ద డైవింగు లైటు మొదటి వారంలోనే నీళ్ళు తాగింది. కంగారు పడకు. అప్పుడు మునిగిన కలప ఓడ లోపల, కింది అరలో ఉన్నాం. నా వెనక షికాగో నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. లైటు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది, వెలుగు పచ్చబడింది, ఆరిపోయింది. నడుముకున్న చిన్న లైటు తీసి, పైకి పోదామని బొటనవేలు చూపించి, తాడు వెంబడి వాళ్ళని బయటికి తెచ్చేశాను. ఇంకో అర చూద్దామని ఆయన సైగ చేశాడు గాని నేను వినలేదు. పెద్ద లైటు ఆరితే ఆ రోజుకి పని అయిపోయినట్టేనని నువ్వు నేర్పిందే గదా.

పడవ మీద కూడా నువ్వు చెప్పినట్టే చేశాను. తడిసిన బ్యాటరీలు లోపల గాలి పుట్టిస్తాయి, ఏమరుపాటుగా విప్పితే మూత తూటాలా లేస్తుంది అనేదానివి. మనుషుల వైపు కాకుండా పక్కకి పట్టుకుని, తువ్వాలు చుట్టి, నెమ్మదిగా మర తిప్పాను. బుస్సుమంది. ఐనార్ వెనక్కి గెంతి "అందులో పాముని గానీ పెంచుతున్నావా?" అన్నాడు. బ్యాటరీలు ఇసుక బకెట్లో వేశాను. లోపలంతా మంచినీళ్ళతో కడిగి, స్పిరిట్‌తో మళ్ళీ కడిగి, నీడన ఆరబెట్టాను. బతుకుతుందనే అనుకుంటున్నా. నీకే పంపుతున్నాను.

తప్పు నాదే అత్తా. మూత మీద నువ్వు పేరు రాసి అంటించిన తెల్ల టేపు కోసి, ఊగే పడవ మీద బ్యాటరీలు మార్చాను. వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. మూత కింది రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చోలేదు.

నీ పోయిన ఉత్తరంలో వరసలు కాగితం కిందికి జారిపోతున్నాయి. బల్ల దగ్గర వెలుతురు చాలుతోందా?

నీ మార్నీ


హై స్ప్రింగ్స్, ఫ్లోరిడా
మే చివర

పిల్లా మార్నీ,

నీ ఉత్తరం చదివాక నీ వీపు విమానం మోత మోగించాలనిపించింది. దూరాన ఉన్నావు కాబట్టి బతికిపోయావు.

నా టేపు కోస్తావా? ఇన్నేళ్ళలో ఈ నీటి బుగ్గల్లో దిగేవాళ్ళు ఎవరైనా నా టేపు మీద చెయ్యి వేశారా? ఒలీటా మూసిన లైటు మళ్ళీ ఒలీటాయే విప్పాలి. ఈ ఊళ్ళో బుగ్గల అడుగున గుహల్లో దిగడం నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజే చెప్పే మాట ఇది. మన పాస్టరు ముడివేసిన జంటలు ఎన్నో విడిపోయాయి గాని నేను బిగించిన మూత ఒక్కటీ ఊడలేదు.

సరే, తిట్టడం అయింది. ఇక విను. రింగు తీయడానికి ఇనుప సూది వాడకు, గాడి గీసుకుపోతుంది. పాత ప్లాస్టిక్ కార్డు మూల చాలు. గాడిని నూలు రాలని గుడ్డతో తుడువు. రింగుని రెండు వేళ్ళ మధ్య మెల్లగా జరుపుతూ చుట్టూ పోనీ, గాటున్నా ఇసుక రేణువున్నా వేలికి తెలిసిపోతుంది. ఆ తర్వాత వెలుతురులో పెట్టి కళ్ళతో చూడు, వెంట్రుకలాంటిది వేలికి అందదు. గ్రీజు అంటే రింగు మెరిసేంత, అంతే. రొట్టెకి వెన్న పూసినట్టు పూయకు. నీళ్ళని ఆపేది గ్రీజు కాదు, రింగు. దాని కింద ఒక్క వెంట్రుక ఉన్నా చాలు, మన కంటికి కనపడని దారి నీళ్ళకి కనపడుతుంది. ఇదంతా గదిలో కూర్చుని, పొడి చేతులతో, ఫ్యాను కట్టేసి చేయాల్సిన పని. పడవ మీద చేసేది కాదు.

ఫోనులో చెప్పేస్తే పోయేదానికి ఇంత రాయించావు. అయినా నాతో ఫోనులో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ బుగ్గల లోతులే నా చెవులు రెండూ తినేశాయి.

వరసలు జారితే జారనీ. ఈ మధ్య వచ్చే బల్బుల్లో బొత్తిగా బలం లేదు. మార్చి మార్చి విసుగొచ్చింది.

నీ లైటు బతికింది. కొత్త రింగు వేసి, మూసి, టేపు అంటించి పంపుతున్నాను. ఈసారి ముట్టుకున్నావో, నీ సంగతి చెబుతా.

మీ అత్త
ఒలీటా


ఆల్పీనా
జూన్

అత్తా,

లైటు అందింది. నాలుగు రోజులుగా దానితోనే దిగుతున్నాను. లోపలికి చుక్క నీరు పోలేదు. టేపు ముట్టుకోలేదు, ఒట్టు.

పనిలో ఊపిరాడటం లేదు. మొన్న ఒకాయన దిగబోతూ తన లైటుకి మూతే బిగించలేదు. నేను చూసి అడిగితే "ఓ, అది తిప్పాలా?" అన్నాడు. ఐనార్ ఆ మనిషిని ఎగాదిగా చూసి, "ఇతన్ని ఇంటి దగ్గర దింపిరా, సరస్సులో వద్దు" అన్నాడు నాతో. నవ్వలేక చచ్చాను.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. ఈ వేసవికి బయటివాళ్ళ పని ఒప్పుకోకు. ఇన్నాళ్ళు చేసింది చాలు. వరండాలో కూర్చుని చల్లటి టీ తాగు. మీ పక్కనే గెయిన్స్‌విల్‌లో మంచి కంటి డాక్టరు ఉన్నారట, ఊరికే ఒకసారి చూపించుకుంటే పోయేదేముంది? నీ వయసు వాళ్ళందరూ చూపించుకుంటారు.

నీ మార్నీ


హై స్ప్రింగ్స్
జూలై

పిల్లా,

నీ ఉత్తరం తీసుకెళ్ళి టిఫిన్ హోటల్లో గ్లాడిస్ చేత గట్టిగా చదివించాను. అక్కడ కాఫీ పోసేది ఆమే గదా, గొంతు కూడా పెద్దది. చుక్క నీరు పోలేదన్న చోట రెండుసార్లు చదవమన్నాను. ఎందుకంటావా? నాలుగు బల్లల అవతల కూర్చుని "ఒలీటా పనైపోయింది, ముసలిదైపోయింది" అని గొణిగేవాళ్ళు కొందరున్నారు. నాకు వినపడదనుకుంటారు. తలలు దగ్గర చేసి మాట్లాడే తీరు చూస్తే తెలియదా?

నా వయసు వాళ్ళ సంగతి నాకు చెప్పకు. వాళ్ళందరూ కుర్చీలో కూర్చుని ఊగుతున్నారు, నేను పని చేస్తున్నాను. మీ నాన్న పోయాక నిన్ను తెచ్చి ఈ బల్ల పక్కనే పడుకోబెట్టి పెంచాను. బల్ల లేకపోతే నేనెవర్ని? డాక్టరుకి చూపించుకోవడానికి నాకేం రోగం?

నీ ఉత్తరం విన్నాక హోయ్ట్ లేచి వచ్చాడు. గుర్తున్నాడా, గుహల్లో దిగడం నేర్పే గడ్డం హోయ్ట్? "ఒలీటా, ఆగస్టులో నేనూ నా జతగాడు డెల్ కలిసి పాత బుగ్గ చివరి సొరంగానికి పోతున్నాం. చాలా లోపలికి. నా లైట్లు నువ్వే చేసిపెట్టాలి" అన్నాడు. పెద్దదీ, చిన్నవీ, అన్నీ నా బల్ల మీదే ఉన్నాయి ఇప్పుడు. అతని వెనకే ఇంకొందరు తెచ్చిపడేశారు. బల్ల నిండిపోయింది. అంతా నీ ఉత్తరం పుణ్యమే తల్లీ.

అత్త


ఆల్పీనా
జూలై చివర

అత్తా,

దయచేసి హోయ్ట్‌కి చెప్పు, దిగేముందు లైట్లన్నీ తనే ఒకసారి విప్పి చూసుకోమని. నీ మీద నమ్మకం లేక కాదు. అంత లోపలికి పోయేటప్పుడు ఎవరైనా చూసుకోవాల్సిందే గదా.

లేదంటే బ్యాటరీలు తీసేసి, లోపల టిష్యూ కాగితం ముక్క పెట్టి మూసి, ముందుగా ఒట్టి డబ్బాలనే అడుగుకి దించి తీయమను. కాగితం పొడిగా ఉంటే మంచిదే. తడిస్తే బయటే తెలిసిపోతుంది.

ఇంకేమీ రాయలేకపోతున్నాను. ఈ ఒక్క మాట విను.

మార్నీ


హై స్ప్రింగ్స్
ఆగస్టు

మార్నీ,

గుడ్డుకి కోడి నేర్పినట్టు నేను నీకు నేర్పితే, నువ్వొచ్చి కోడికే నేర్పుతున్నావు. నీ ఉత్తరం వచ్చేసరికి హోయ్ట్ వాళ్ళు వెళ్ళొచ్చేశారు కూడా. ముందే వచ్చినా నేను ఆ మాట అతనితో అనేదాన్ని కాదు.

ఏం జరిగిందో విను. బాగా లోపలికి పోయాక హోయ్ట్ పెద్ద లైటు ఆరిపోయిందట. చిన్నది తీస్తే అది అప్పటికే లోపల నీళ్ళతో నిండి ఉందట. రెండోది వెలిగిందట గాని దారి మధ్యలో మసకేసి అదీ పోయిందట. డెల్ లైటు మూయించుకున్నది నా దగ్గర కాదు. ఆ ఒక్క లైటు వెలుతురులో, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తాడు తడుముకుంటూ బయటపడ్డారు. ఇరుకు చోట బురద లేచి ఆ లైటు కూడా కనపడలేదట. అక్కడ డెల్ ఏడ్చాడని చెప్పుకుంటున్నారు. నీళ్ళ కింద ఏడిస్తే ఎవరికి తెలుస్తుందో నాకైతే తెలియదు.

హోయ్ట్ తిన్నగా హోటల్‌కొచ్చి మూడు లైట్లూ నా కంచం పక్కన పెట్టాడు. "ఒలీటా, వీటిలోకి నీళ్ళు పోయాయి. నేను టేపు ముట్టుకోలేదు" అన్నాడు. అందరి ముందు! ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. నేను ఊరుకున్నానా? "నా మేనకోడలు టేపు కోసింది, తప్పు చేసింది, నిజం ఒప్పుకుంది. నిన్నగాక మొన్నటి పిల్ల. గడ్డం నెరిసిన నీకు ఆ మాత్రం సిగ్గు లేదా?" అన్నాను. గ్లాడిస్ కాఫీ పోయడం ఆపేసింది. హోయ్ట్ టోపీ పెట్టుకుని బయటికి పోయాడు.

అతని దగ్గర నేర్చుకుంటున్న వాళ్ళు ఇద్దరు మానేశారట. టేపు కోసి అబద్ధమాడే మనిషితో గుహలోకి ఎవరు దిగుతారు? చేసుకున్నవాడికి చేసుకున్నంత.

అక్టోబరులో ఇక్కడ డైవర్లందరూ కలిసే పండగ గదా. బల్ల మీద లైట్లు పేరుకుపోయాయి. పగలూ రాత్రీ కూర్చుని మూస్తున్నాను.

అత్త


ఆల్పీనా
ఆగస్టు

అత్తా,

నల్ల మార్కరుతో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. గ్లాడిస్ చేత చదివించుకోకు. నెమ్మదిగానైనా నువ్వే చదువు.

నేను టేపు కోయలేదు. మే నెలలో నీళ్ళు తాగిన లైటు నువ్వు మూసి పంపింది పంపినట్టే ఉంది. పడవ మీద విప్పినప్పుడు రింగు మీద అడ్డంగా ఒక వెంట్రుక కనిపించింది. తెల్లటిది, పొడుగాటిది. నా జుట్టు నల్లగా, చెవుల పైకి కత్తిరించి ఉంటుంది. ఐనార్‌ది బట్టతల. అది నీ వెంట్రుక అత్తా. ఎవరూ చూడకుండా తీసి సరస్సులో పారేశాను.

జూన్‌లో నువ్వు పంపిన లైటుని ఆ రోజే విప్పాను. కొత్త రింగు విప్పని పొట్లంలోనే, లైటుతో పాటు పార్సిల్‌లో ఉంది. గాడిలో గాటు పడ్డ పాత రింగే ఉంది. కొత్తది వేసి, మూసి, పైన నేనే టేపు అంటించుకుని నీ పేరు రాశాను. చుక్క నీరు పోలేదని నీకు రాసింది ఆ లైటు సంగతే.

నీకు సరిగ్గా కనపడటం లేదు. బల్బుల తప్పు కాదు. నాకు మే నెలలోనే అర్థమైంది. చెబితే నీ గుండె పగులుతుందని చెప్పలేదు. నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. నా ఉత్తరం ఊరందరి ముందు చదివిస్తావని, దాన్ని నమ్మి హోయ్ట్ తన లైట్లు నీకిస్తాడని నాకు తట్టలేదు. తట్టిన రోజున కూడా సగమే రాశాను. హోయ్ట్ బయటికి వచ్చాడు కాబట్టి సరిపోయింది. రాకపోయి ఉంటే? డెల్ రాకపోయి ఉంటే? అబద్ధమాడింది నేను, తల వంచుకుని హోటల్లోంచి వెళ్ళిపోయింది అతను. నాకు అన్నం సయించడం లేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేశాక హోయ్ట్‌కి ఫోను చేస్తాను. నీ టేపు ఉన్న ప్రతి లైటూ విప్పి చూడమని అందరికీ చెప్పమంటాను. నీకు తెలియకుండా చేస్తే ఇంకా తప్పు కాబట్టి ముందు నీకు రాస్తున్నాను. నన్ను ఎంత తిట్టినా పడతాను. జవాబు రాయకపోయినా సరే. బల్ల మీదున్న ఆ లైట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు.

నీ మార్నీ


హై స్ప్రింగ్స్
అక్టోబరు

పిల్లా మార్నీ,

ఈ రాత నాది కాదని నీకు తెలిసే ఉంటుంది. నేను చెబుతుంటే హోయ్ట్ రాస్తున్నాడు. అక్షరాలు కోడి గెలికినట్టున్నా సర్దుకో.

నీ ఉత్తరం చదవడానికి ఒక పూట పట్టింది. చదివి, చింపి, చెత్తబుట్టలో వేశాను. నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను. హోయ్ట్ నీతో చేరి నామీద పన్నాగం పన్నాడనుకున్నాను. ఎన్ని అనుకున్నానో చెబితే సిగ్గుచేటు. కానీ వెంట్రుక సంగతి ఒకటి మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. లేని వెంట్రుకని నువ్వు పుట్టించలేవు.

ఇక నేనే తేల్చుకోవాలనుకున్నాను. తలకి గుడ్డ కట్టుకున్నాను. రెండు దీపాలు పెట్టుకున్నాను. తలుపు మూసుకుని, నా జన్మలో ఎప్పుడూ చూపనంత శ్రద్ధతో కొన్ని లైట్లు మూశాను. బ్యాటరీలు లేకుండా, నువ్వన్నట్టే లోపల టిష్యూ ముక్క పెట్టి. హోయ్ట్‌ని పిలిపించాను. వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. హోటల్ సంగతి ఎత్తలేదు, నీ ఫోను సంగతీ ఎత్తలేదు. "వీటిని బుగ్గ అడుగుకి తీసుకెళ్ళి తీసుకురా" అన్నాను. సరేనన్నాడు.

నేను బుగ్గ మెట్ల మీద కూర్చున్నాను. అతను పైకొచ్చి, నీటి అంచున చెక్కల మీద కూర్చుని, నాకు వీపు చూపించి ఒక్కోటీ విప్పాడు. తర్వాత నాకు కాస్త వినపడే చెవి దగ్గర నోరు పెట్టి, "అన్నీ పొడిగానే ఉన్నాయి ఒలీటా. ఒక్కటి కూడా తడవలేదు" అన్నాడు.

"ఇటు తే" అన్నాను.

"నా చేతులు తడిగా ఉన్నాయి. ఇప్పుడు ముట్టుకుంటే కాగితాలు తడిసిపోతాయి. ఇంటికెళ్ళాక చూద్దువుగాని" అన్నాడు.

నేనే లాక్కుని వేలు పెట్టాను. మొదటిది పొడిగానే ఉంది. రెండోదానిలో కాగితం అడుగున మెత్తగా ముద్దయిపోయి ఉంది. ఆ తర్వాతదీ అంతే. కళ్ళు మోసం చేశాయి గాని వేళ్ళు ఇంకా చేయలేదు.

"అబద్ధాలకోరా" అన్నాను.

"అవునమ్మా" అన్నాడు.

నా మాటకి ఊరంతా వెలివేసిన మనిషి నా కోసం అక్కడ నిలబడి అబద్ధమాడుతున్నాడు. ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చాను పిల్లా. ఇది కూడా రాయమంటే హోయ్ట్ కలం ఆపేశాడు. రాయవయ్యా, రాయి.

మీ ఇద్దరూ ప్రేమతోనే చేశారు, తెలుసు. కానీ మార్నీ, ఆ ప్రేమ నా బల్ల మీది లైట్లతో పాటు మనుషుల నడుముకి వేలాడి సొరంగంలోకి దిగింది. నువ్వు మే నెలలో నిజం చెప్పి ఉంటే నాలుగు రోజులు నీ మీద అరిచేదాన్ని, నాలుగు రోజులు ఏడ్చేదాన్ని, అంతే. నీ మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోయిందని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది.

ఆ ఆదివారం హోటల్లో లేచి నిలబడి హోయ్ట్‌ని క్షమాపణ అడిగాను. చాలా గట్టిగా అరిచానట. నా గొంతు నాకు వినపడదు గదా. గ్లాడిస్ ముక్కు చీదుకుంటూ లోపలికి పోయింది. మానేసిన ఆ ఇద్దరూ మళ్ళీ అతని దగ్గరికి వచ్చారు.

డాక్టరుకి చూపించుకున్నాను. నడిమి చూపు పోయిందట, అంచులు మిగిలాయట. పోయింది ఇక రాదట. ఎదుటి మనిషిని చూస్తే చెవులూ భుజాలూ కనిపిస్తున్నాయి, ముఖం లేదు. ఇన్నాళ్ళూ బల్బులని తిట్టాను పాపం.

టేపులన్నీ పీకేసి ఎవరి లైట్లు వాళ్ళకి పంపేశాను. బల్ల మీద దుప్పటి కప్పాను. పండగకి అందరూ వస్తారు, వచ్చి పలకరించి పోతారు. నువ్వేమీ పని మానుకుని పరిగెత్తుకు రానక్కర్లేదు. నాకు ఎవరి తోడూ అవసరం లేదు. నీ లైటు నువ్వే మూసుకో. మూశాక ఐనార్‌కి చూపించు. ఎవరి పేరున్న టేపునీ నమ్మకు, నీ పేరున్నదైనా సరే.

మీ అత్త
ఒలీటా

మార్నీ, ఈ కింది నాలుగు ముక్కలూ నావి. కవరు అంటించే ముందు రాస్తున్నాను, ఆమెకి చెప్పలేదు. పైనంతా ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. ఎవరి తోడూ అవసరం లేదన్న మాట మాత్రం నిజం కాదు, నేనిక అబద్ధాలు మానేశాను కాబట్టి చెబుతున్నాను. గుమ్మం ఎక్కింది ఎవరైనా సరే, మొదట ఆమె "మార్నీ?" అంటుంది. తర్వాత చెయ్యి చాచి ముఖం తడుముతుంది. నా గడ్డం తగిలాక "ఓ, నువ్వా హోయ్ట్, కూర్చో" అంటుంది. నేను రోజూ వెళ్తాను. రోజూ ముందు నీ పేరే పిలుస్తుంది.

హోయ్ట్